పిడికిలి దళం పుట్టింది బస్సులోనే

సోఫా మేస్త్రికి కోపం రావడం ఆ వీధిలో ఎవరికీ వింత కాదు. పైన తళతళలాడే రెక్సిన్, లోపల కుళ్ళిన పీచు ఉన్న కుర్చీ చేతికొచ్చిందంటే, దాన్ని చేసినవాడు ఎదురుగా నిలబడ్డట్టే తిట్టిపోస్తాడు. "పైగుడ్డ చూసి కుర్చీ కొన్నాడంటే వాడి బుద్ధి గడ్డి తిన్నట్టే" అన్నది అతని ఊతపదం. షాపు గడప తొక్కినవాళ్ళెవరూ ఆ మాట వినకుండా బయటపడలేరు. పని చేసేటప్పుడు మాత్రం సన్న మేకులు పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడుతుంటాడు కాబట్టి, ఆ కాసేపూ వీధికి విశ్రాంతి.

ఇంత తెలిసిన మనిషి సొంత ఇంట్లో మాత్రం పైగుడ్డనే నమ్ముకుని ఏళ్ళకేళ్ళు గడిపేశాడు. ఈ కథంతా అదే.

మేస్త్రికి ఒక పిచ్చి ఉంది. చిన్నప్పుడు వారం వారం వచ్చే ‘పిడికిలి దళం’ అనే బొమ్మల పత్రిక అంటే ప్రాణం. దళంలో నలుగురు వీరులు. కొండంత బరువున్నవాడు కొండ. అరిస్తే అద్దాలు పగిలే అమ్మాయి కేక. ఎలాంటి తాళమైనా వేళ్ళతో విప్పేసేవాడు చిటికె. ఎదురుగా ఉన్నా ఎవరి కంటా పడనివాడు మాయం. వీళ్ళ పైన ఒక ఆచార్యుడు. నీలం కోటు, తెల్ల గడ్డం. యుద్ధానికి ఒక్కసారీ రాడు, గదిలో కూర్చుని వేలు చూపిస్తుంటాడు. ఆయనే తన ప్రయోగశాలలో మందు తాగించి ఆ నలుగురినీ వీరులుగా చేశాడని ప్రతి సంచికలోనూ ఏదో ఒక మూల రాసేవారు. పత్రిక మూతపడి చాలా కాలమైనా, దొరికిన సంచికనల్లా మేస్త్రి తెచ్చి స్టీలు బీరువాలో పేర్చుకున్నాడు. "నన్ను చేసుకున్నప్పుడు ఈ బీరువా నాదన్నారు, ఇప్పుడు నా బట్టలు తాడు మీద వేలాడుతున్నాయి" అని భార్య అనని రోజు లేదు.

లేనిదల్లా మొదటి సంచిక. దళం ఎలా పుట్టిందో చెప్పే కథ అందులోనే ఉంది. దానికొక చిక్కుంది. మొదటి సంచికతో కాగితపు ముఖతొడుగు ఒకటి ఉచితంగా ఇచ్చారట. షాపువాళ్ళు దాన్ని కాజేయకుండా పుస్తకాన్ని కవరులో పెట్టి ఎర్ర కాగితం పట్టీతో అంటించి అమ్మారు. పిల్లలన్నాక ఊరుకుంటారా? పట్టీ చించారు, తొడుగు పెట్టుకుని ఎగిరారు, పుస్తకం ఎటో పోయింది. ఎవరి అటక మీదో మరిచిపోగా మిగిలిన ఒకటీ రెండూ మాత్రం పట్టీతో సహా సేకర్తల చేతికొచ్చాయి. పట్టీ ఉంటేనే దానికి గౌరవం, చిరిగితే చిత్తుకాగితం. అందుకని పుస్తకం ఉన్నవాళ్ళెవరూ ఆ కథ చదవలేదు, చదివినవాళ్ళ దగ్గర పుస్తకం లేదు. ఇలాంటి తెలివి మనుషుల్లో సేకర్తలకే చెల్లింది.

ఇక మేస్త్రి అత్తగారు. ఆమె కూతురి దగ్గరే ఉంటుంది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం వీధి చివరిదాకా. వయసులో ఉన్నప్పుడు ఆమె పనిచేసింది సాక్షాత్తూ ఆ పత్రిక అచ్చయిన చోటే. పొడుగు బల్ల ముందు వరసగా కూర్చుని బొమ్మలకు రంగులేసే ఆడవాళ్ళలో ఆమె ఒకతె. పెళ్ళిచూపుల్లో ఈ మాట తెలిసి పెళ్ళికూతురి కంటే కాబోయే అత్తగారినే ఎక్కువసేపు చూశాడని మేస్త్రిని ఇప్పటికీ ఆటపట్టిస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఒక మాటంది.

"ఆ దళం పుట్టుక కథ నేను చెప్పిందే, అల్లుడుగారూ. ఆ నలుగురూ ఒక బస్సులో కలిశారు. ప్రయోగశాలా లేదు, నా మొహమూ లేదు."

మేస్త్రి మర్యాదగా నవ్వాడు. బీరువాలోంచి ఒక సంచిక తెచ్చి, లోపలి పుటలో ‘కథ: సంపాదకుడు’ అన్నచోట వేలు పెట్టి చూపించాడు. "అచ్చులో ఇలా ఉంది కదా అత్తయ్యా! మీరు రంగులేశారు కాబట్టి మీకలా గుర్తుండిపోయిందేమో." ఆమె ఆ వేలి వంక చూసింది, అల్లుడి వంక చూసింది, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత ఆ ఊసెత్తలేదు. పిల్లలు పుట్టాక, వాళ్ళకు అన్నం పెట్టేటప్పుడు ముద్దకో మాట చొప్పున ఏదో బస్సు కథ చెప్పేది. పక్క గదిలో బీరువా సర్దుకుంటున్న మేస్త్రి చెవిన అందులో సగం సగం మాటలు పడుతూనే ఉండేవి. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ చెట్టు కిందే నిలబడి మందుకోసం కొండలెక్కే రకం మేస్త్రి.

ఒకరోజు బ్యాంకులో పనిచేసే ఆవిడ తన తండ్రిగారి చేతుల కుర్చీకి కొత్త గుడ్డ వేయమని పంపింది. కుర్చీల సందుల్లో ఏమేం జారిపోతాయో మేస్త్రికి తెలిసినంత పోలీసులకు కూడా తెలియదు. దువ్వెనలు, తాళంచెవులు, కళ్ళజోళ్ళు, ఒకసారి ఎవరిదో కట్టుడు పన్ను. ఏది దొరికినా ఇంటివాళ్ళకు తిరిగి ఇచ్చేయడం అతని నియమం. ఆ రోజు చేతిపట్టె గుడ్డ ఊడబీకి లోపల చెయ్యి పెడితే బల్లపరుపుగా ఏదో తగిలింది. లాగితే ఒక కవరు, దాని మీద ఎర్ర కాగితం పట్టీ. నోట్లో మేకులున్న సంగతి కూడా మరిచి నోరు తెరిచాడు.

ఎంతటి నిధి దొరికినా నియమం నియమమే. ఆవిడకు తీసుకెళ్ళి చూపించాడు. "ఈ పాత చెత్త నాకెందుకండీ, మీరే పారేయండి" అందావిడ. ఆవిడకు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి, పిల్లల్ని ఆమడ దూరంలో నిలబెట్టి చూపించాడు. అత్తగారు చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కవరు చూడగానే ఆమె నడక ఆగిపోయింది.

"తెరవండి" అంది.

"అమ్మో! తెరిస్తే దాని పరువు పోదూ?"

"పుస్తకం తెరిస్తే పరువు పోవడమేమిటి? అందులో ఉండేది నా బస్సు. తెరిచి చూడండి. బస్సు లేకపోతే జన్మలో ఆ మాట ఎత్తను."

మేస్త్రి ఆ పట్టీని చూశాడు. అది ఎంత చెక్కుచెదరకుండా ఉందంటే, దాని ముందు ముసలావిడ మాట అతనికి చిన్నదైపోయింది. "సంఘంలో చూపించాక చూద్దాంలెండి" అన్నాడు. ఆ పూట వంటింట్లో గిన్నెలు తాము చేయని తప్పుకు దెబ్బలు తిన్నాయి.

సేకర్తల సంఘం ఆదివారం పూట రంగుల షాపు మేడ మీద కలుస్తుంది. షాపు యజమానే సంఘానికి అధ్యక్షుడు. రంగు డబ్బాల మధ్య ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఆయన, చుట్టూ స్టూళ్ళ మీద మిగతావాళ్ళు. ఆ కుర్చీకి స్పాంజి వేసింది కూడా మన మేస్త్రే. కవరు చూసి అందరూ లేచి నిలబడ్డారు. అధ్యక్షుడు చేతులకు తొడుగులు వేసుకుని, చంటిబిడ్డను అందుకున్నట్టు అందుకుని, అద్దం పెట్టెలో పడుకోబెట్టాడు. దళం పుట్టుపూర్వోత్తరాల మీద ఆయన పెద్ద పుస్తకం రాస్తున్నాడు. అచ్చుకు వెళ్ళబోతోంది. అట్ట మీద ఆచార్యుడి బొమ్మ. మంచి గడియ కలిసొచ్చిందని అందులోంచి కొంత చదివి వినిపించడం మొదలుపెట్టాడు.

ప్రయోగశాల ఎలా ఉండేదో చెప్పాడు. మందు ఏ రంగులో ఉండేదో చెప్పాడు. అచ్చాఫీసు గురించి చెబుతూ ఇలా చదివాడు: "ఇంతటి మహత్తర కల్పనకు రంగులు పూసిన ఆడకూలీలకు, పాపం, తాము పూస్తున్నదేమిటో కూడా తెలియదు."

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. ఇంట్లో అత్తగారితో తను ఎన్నయినా వాదించుకుంటాడు, అది ఇంటి సంగతి. బయటివాడెవడో ఆమెను మాటంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ ఆడవాళ్ళకి తెలీదని మీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరైనా చెప్పాలా? తెలిసిన విషయమేగా" అన్నాడు అధ్యక్షుడు.

"సరే. మొదటి సంచిక మీలో చదివినవాళ్ళెవరు? చెయ్యెత్తండి."

చేతులన్నీ ఒళ్ళోనే ఉన్నాయి. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "నా దగ్గరా ఒకటుందయ్యా, పట్టీతో సహా. చదవడం వేరు, సేకరించడం వేరు."

"చదవకుండానే ఇంత పుస్తకం రాశారా! మందు రంగుతో సహా!"

"నువ్వు మాత్రం చదివావా? ఇన్నేళ్ళూ నువ్వూ అదే ప్రయోగశాల అన్నావు కదా?"

నిజం తగిలినప్పుడు కోపం ఇంకా ఎక్కువగా వస్తుంది. జేబులోంచి గుడ్డ కోసే కత్తి తీశాడు. అద్దం పెట్టె మూత ఎత్తాడు. "వద్దు! పట్టీ తెగిందంటే నిన్ను మనిషిగా చూడం!" అని అధ్యక్షుడు కేకపెట్టేలోపే ఎర్ర కాగితం తెగిపోయింది.

ముందుగా ముఖతొడుగు జారి కింద పడింది. అది ఆచార్యుడి మొహమే అయి ఉంటుందని అధ్యక్షుడు తన పుస్తకంలో గట్టిగా రాసేశాడు. తీరా చూస్తే ఒక ఆడమనిషి మొహం. జుట్టు ముడేసుకుని, కనుబొమలు దగ్గరకు లాక్కుని, ఎదుటివాణ్ణి దులిపేయడానికి సిద్ధంగా ఉన్న మొహం. మేస్త్రి మొదటి పుట తెరిచి పైకి చదవడం మొదలుపెట్టాడు.

వరదొచ్చిన ఏరు. దాని మీద వంతెన. వంతెన మీద ఒక బస్సు, వెనక చక్రం గాల్లో వేలాడుతోంది. లోపల జనం ఒకరినొకరు తొక్కుకుంటున్నారు. రెండు సీట్లు ఆక్రమించాడని అందరూ తిట్టుకునే లావుపాటి మనిషి ఒకడు. గొంతు తగ్గించమని ఇంటాబయటా చెప్పించుకునే అమ్మాయి ఒకతె. చేతులు ఊరికే ఉంచలేక సీటు మరలు తిప్పుతుండేవాడు ఒకడు. కండక్టరు కూడా టిక్కెట్టివ్వడం మరిచిపోయేంత కనపడనివాడు ఒకడు. అప్పుడు పనికి వెళ్తున్న ఒక ఆడమనిషి అన్నం డబ్బా పక్కన పెట్టి లేచి నిలబడింది.

పుట తిప్పకముందే మేస్త్రి నోటివెంట తర్వాతి మాట వచ్చేసింది. "ఒళ్ళు పెంచడం తెలుసు గానీ అదెక్కడ పెట్టాలో తెలీదా? పోయి ఇంజను మీద కూర్చో!" తిప్పి చూస్తే అక్షరం పొల్లుపోకుండా అదే. లావుపాటివాడు కూర్చోగానే బస్సు ముందుకు వాలింది. "నా చెవిలో కాదు, అవతలి ఒడ్డుకి వినపడేలా అరువు!" ఇదీ అంతే. "ఆ చేతులకి పనేదీ? తలుపు మరలు విప్పు!" "నువ్వున్నావని ఎవరికీ తెలీదు, అదే నీ భాగ్యం. గుంపులోంచి దూరిపోయి తాడు పట్రా!" బస్సు నిలిచింది, జనం బతికారు. చివరి బొమ్మలో నాలుగు చేతులు, వాటిని కలిపి పట్టుకున్న ఐదో చెయ్యి. బొటనవేలు లేకుండా పిడికిలి ఎక్కడిది!

ఈ మాటలన్నీ అతను పక్క గదిలోంచి విన్నవే. తన పిల్లలు నోట్లో ముద్ద పెట్టుకుని విన్నవే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాణ్ణి చూసి నవ్వుతాం గానీ, తీరా ఆ చంక మనదే అయినప్పుడు తలెత్తుకోలేం. మేస్త్రికి సిగ్గేసింది. ఆ సిగ్గంతా కోపమై ఎదురుగా ఉన్నవాళ్ళ మీద విరుచుకుపడింది.

"ఇది మా అత్తగారి కథ! సొమ్మొకడిది, సోకొకడిది! ఆ కోటుగాణ్ణి అట్ట మీంచి తీసేయండి. ఆవిడ పేరు వేయండి."

అధ్యక్షుడు పుస్తకం లాక్కుని మొదటి పుట చూశాడు. మొహం వెలిగింది. "కథ: సంపాదకుడు. ఇదిగో, అచ్చులో ఉంది. మీ అత్తగారు అక్కడే పనిచేసింది కాబట్టి చదివి గుర్తుపెట్టుకుని ఉంటుంది. ఆవిడ కథే అనడానికి రుజువేది?"

ఈ మాట మేస్త్రికి ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో ఏమిటి, తన నోటే విన్నాడు. పుస్తకం లాక్కుని, కింద పడ్డ తొడుగు తీసుకుని, "రుజువు కావాలంటే మనిషి ఉంది, వచ్చి అడగండి. కాగితానికి దణ్ణం పెట్టి మనిషిని కూలీ అనడం కాదు!" అని మెట్లు దిగాడు. ఎవరూ వెంట రాలేదు. పట్టీ తెగిన సంచిక ఇక వాళ్ళకు అక్కర్లేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"అత్తయ్యా, తెరిచాను. బస్సే!"

ఆమె తల ఎత్తలేదు. "తెలుసు."

"మీరు చెప్పిందే నిజం, అత్తయ్యా. అక్షరం కూడా తేడా లేదు."

కత్తిపీట ఆగింది. అత్తగారికి మరీ కోపమొస్తే ముందుగా ‘గారు’ ఊడిపోతుంది. "నేను చెప్పినప్పుడు లేని నిజం కాగితం చెప్పగానే వచ్చిందా, అల్లుడూ? ఇంత మనిషిని ఎదురుగా కూర్చుని చెబితే నవ్వావు. నవ్వి వేలు పెట్టి చూపించావు! మొన్న తెరవమంటే ఆ ఎర్ర కాగితం చిరుగుతుందని జాలిపడ్డావు. నా మీద పడ్డావా జాలి?"

భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది గానీ మొగుణ్ణి వెనకేసుకు రాలేదు.

"అసలేం జరిగిందత్తయ్యా?" అన్నాడు మేస్త్రి.

"ఇప్పుడడుగుతున్నావా? సరే విను. కొత్త పత్రికకి కథ కుదరట్లేదని ఆ సంపాదకుడు మా బల్ల దగ్గరకొచ్చి తల పట్టుక్కూర్చున్నాడు. నేను కుంచె కడుక్కుంటూ చెప్పాను. పక్కవాళ్ళంతా నవ్వారు, ఆయన నవ్వలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు! అచ్చయింది. ఇంట్లో తిట్లు చాలవా, పుస్తకంలో కూడా ఆడదాని తిట్లేనా అని మగాళ్ళు గొడవ చేశారట. మరుసటి సంచికకి ఆవిణ్ణి తీసేసి ఆ గడ్డమాయన్ని పెట్టారు. ఆ బొమ్మ నా బల్ల మీదకే వచ్చింది. ఆ కోటుకి నీలం వేసింది నేనే. నా చేత్తో నేనే వేశాను. వేయనంటే పని పోతుంది, ఇంట్లో మీ ఆవిడ చంటిపిల్ల."

మేస్త్రి చెప్పుల కోసం వెనక్కి తిరిగాడు. "ఎక్కడున్నాడు వాడు? ఇప్పుడే వెళ్ళి..."

"పోయి చాలా కాలమైంది. ఎవర్ని తిడతావు? నీ వాటా తిట్లు నువ్వు తినడం అయ్యాక మిగతావాళ్ళ సంగతి చూద్దాం." మళ్ళీ తరగడం మొదలుపెట్టి, కాసేపటికి అడిగింది. "అందులో ఆఖరికి ఆవిడ ఏమైందో ఉందా?"

"లేదు. చేతులు కలిపి పట్టుకోవడంతో అయిపోయింది."

"ఉండదు. అది నేను ఆయనకి చెప్పలేదు."

సేకర్త రక్తం ఊరుకుంటుందా? మేస్త్రి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. "మరి నాకు చెప్పండి, అత్తయ్యా!"

"నీకు కావాల్సింది కథా, రుజువా? రుజువైతే నా దగ్గర లేదు. కథైతే పిల్లల పక్కన కూర్చుని, నోట్లో ముద్ద పెట్టుకుని, నోరు మూసుకుని విను."

పొద్దు వాలాక మేస్త్రి పిల్లల పక్కన నేల మీద బాసీపట్టు వేసుక్కూర్చున్నాడు. చిన్నవాడు ఆ ముఖతొడుగు పెట్టుకుని, ముద్ద వచ్చినప్పుడల్లా దాన్ని పైకెత్తుతున్నాడు. అత్తగారు మొదటినుంచీ చెప్పుకొచ్చింది. బస్సు ఒడ్డెక్కింది. జనం ఆ నలుగురినీ భుజాలకెత్తుకున్నారు. మీ నాయకుడెవరని పత్రికలవాళ్ళు అడిగారు. నలుగురూ వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ లేదు. పనికి ఆలస్యమవుతోందని డబ్బా పట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. పేరేమిటని అంతమందిలో ఒక్కరూ అడగలేదు. ఆ పేరు తెలుసుకుందామనే ఆ నలుగురూ అప్పట్నుంచీ ఊరూరా తిరుగుతున్నారు. దారిలో ఎవరికి కష్టమొస్తే వాళ్ళని కాపాడుతున్నారు గానీ, వాళ్ళు తిరిగేది మాత్రం ఆవిడ కోసమే.

మేస్త్రి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. బీరువాలోని అన్ని సంచికలూ అతనికి ఆ నిమిషాన మొదటిసారి అర్థమయ్యాయి.

"మరి దొరికిందా, అమ్మమ్మా?" అంది పెద్దపిల్ల.

"ఎక్కడ దొరుకుతుందే? ఈలోగా ఒకడు కోటు వేసుకొచ్చి, ఆ మనిషిని నేనే అన్నాడు. వాళ్ళు నమ్మేశారు" అంది అత్తగారు, అల్లుడి కళ్ళలోకి సూటిగా చూస్తూ.